కల్వర్టు మీదికి వెళ్ళిన రాయి

సూర్యం మా కోరాపుట్ వాచనాలయంలో బంట్రోతు. మా నాన్నగారు అమృతరావు మాస్టారు బడిలో చరిత్ర చెప్పేవారు. నెలకొకసారి ఆ వాచనాలయంలో జిల్లా పాత సంగతుల మీద ఉపన్యాసం కూడా ఇచ్చేవారు. సభకి జంపఖానా పరిచేది, కుండలో మంచినీళ్ళు పోసేది, నాన్నగారు చూపించే పెద్ద ఫొటో అట్టల్ని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని నిలబడేది సూర్యమే. నేను చెప్పబోయేది అతని కథ. ఇందులో మా నాన్నగారి తప్పు కూడా ఉంది. నాదీ కొంచెం ఉంది.

సూర్యానిది బొబ్బిలి దగ్గర పల్లె. తండ్రి మాచ్‌ఖండ్ ఆనకట్ట పనికి కొండెక్కినప్పుడు అతనికి పన్నెండేళ్ళు. అక్కడే రాయి చీల్చడం నేర్చుకున్నాడు. బండమీద వరసగా గుంటలు కొట్టి, వాటిలో ఇనప మేకులు దిగేసి, ఒక్కొక్కదాన్నీ సమ్మెటతో మెల్లగా మోదుకుంటూ పోతే ఎంత బండైనా కొబ్బరికాయలా రెండుగా విడిపోతుంది. సూర్యానిది ఎడమచేతి వాటం. అందుకని అతను కొట్టిన గుంటలన్నీ ఒకే పక్కకి ఒరిగి ఉండేవి. తోటి పనివాళ్ళు అది చూసి నవ్వేవారు.

1967 ఎండాకాలంలో అతను దాలయ్య అనే గుత్తేదారు దగ్గర రోడ్డు పనిలో ఉన్నాడు. లక్ష్మీపూర్‌కి కొంచెం దూరంలో కుసుమగుడ అనే చిన్న ఊరు. ఊరి పక్కన వాగు మీద కల్వర్టు కడుతున్నారు. పైన కప్పడానికి ఒక పలక రాయి తక్కువైంది. ఊరి చివర చింతచెట్ల మధ్య పక్కకి వాలిన పొడుగాటి బండ ఒకటి దాలయ్య కంట్లో పడింది.

"అదుగో, అది సాలు. కొట్టీ" అన్నాడు.

సూర్యం దగ్గరికి వెళ్ళి చూశాడు. బండకి పసుపు రాసి ఉంది. పసుపు కింద చీమల బారుల్లాగా అక్షరాలు. అతనికి చదువు రాదు. అయినా అవి అక్షరాలని తెలిసింది.

"దీన్మీద రాతలున్నాయి బాబూ."

"ఉంటే? నువ్వేటి సదువుతావా? ఎల్లుండి ఇంజనీరు వత్తాడు. కొట్టు."

ఇంతలో ఊళ్ళోంచి ఒక ముసలామె వచ్చి బండకి వీపు ఆనించి కూర్చుంది. "దీన్ని కొట్టకు బాబూ. దీన్లో మాట ఉంది" అంది, ఆ కొండల్లో మాట్లాడే దేసియాలో. గంట సేపు కదలలేదు. దాలయ్య దూరంగా నిలబడి కేకలు వేస్తున్నాడు. అప్పుడు సూర్యం తనకి వచ్చిన నాలుగు దేసియా ముక్కల్లో ఆమెతో, "నీ రాయి జోలికి రాను అమ్మా. అడుగున మట్టిలో ఉన్న ముక్క ఒక్కటే తీసుకుంటాను. నువ్వెళ్ళి అంబలి తాగి రా" అన్నాడు.

ఆమె నమ్మింది. లేచి వెళ్ళింది. ఎండ వాలాక తిరిగి వచ్చేసరికి బండ నడిమికి రెండయింది. కింది సగాన్ని బండి ఎక్కిస్తున్నారు. ముసలామె తిట్టలేదు, శాపాలు పెట్టలేదు. మిగిలిన సగం దగ్గర కూర్చుని, విరిగిన అంచుని అరచేత్తో తడుముతూ ఉండిపోయింది. "అది తిట్టుంటే బాగుణ్ణు" అని సూర్యం తరవాత ఎన్నోసార్లు అన్నాడు.

రెండేళ్ళ తరవాత సమ్మెట జారి అతని కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. రాతిపని మానేశాడు. అతనూ భార్య తవిటమ్మా మా వీధిలోనే ఉండేవారు. నాన్నగారు ఎవరితోనో చెప్పి వాచనాలయంలో బంట్రోతు పని ఇప్పించారు.

1973 చివర్లో నాన్నగారు పాత రాళ్ళు వెతుక్కుంటూ కుసుమగుడ వెళ్ళారు. చింతచెట్ల మధ్య ఆ సగం రాయి చూసి ఆయన ఒళ్ళు పులకరించింది. తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అక్షరాల అచ్చు తీశారు. కొండ దిగే బాటసారులకి ఎవరో నీళ్ళ పందిరి పెట్టి, దానికి కొంత పొలం రాసిచ్చారట. ఇచ్చిందెవరు, ఎప్పుడు అన్నది రెండో సగంలో ఉండాలి. అది లేదు. పక్క ఇంటి గుమ్మంలో ఒకావిడ చదునైన రాతిమీద పసుపు నూరుతూ కనబడింది. నాన్నగారు తనలో తనే ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఎవరినీ ఏమీ అడగలేదు.

మరుసటి నెల సభలో ఆ రాయి ఫొటో మొదటిసారి చూపించారు. అట్ట పట్టుకున్నది సూర్యం. పట్టుకునే ముందు ఒకసారి కిందికి చూశాడు. విరిగిన అంచు పొడుగునా ఏడు సగం గుంటలు, నాలుగేసి వేళ్ళ ఎడంతో, అన్నీ ఒకే పక్కకి ఒరిగి. ఇంక అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

నాన్నగారు వెదురు పుల్లతో ఆ అంచుని చూపిస్తూ అన్నారు: "మిగతా సగం ఏమైందంటారా? పాపం, ఆ ఊరివాళ్ళకేం తెలుసు! పసుపు నూరుకోడానికి బాగుంటుందని పగలగొట్టుకున్నారు. ఒక మహారాజు దానం ఏ ఇంట్లోనో పులుసులోకి పోయింది."

సభ అంతా ఘొల్లుమంది.

నాన్నగారు చెడ్డమనిషి కారు. ఆదివారం ప్రార్థనలో ఆ కొండజనం కోసం కళ్ళు మూసుకుని నిజంగా వేడుకునే మనిషి. కానీ ఆ మాటకి నవ్వు వస్తుందని తెలిసిపోయింది. రాయగడలో, నందపూర్‌లో, గుణుపూర్‌లో, ఎక్కడ మాట్లాడినా ఆ ముక్క చెప్పేవారు. చెప్పిన కొద్దీ దానికి కొత్త సొగసులు వచ్చేవి. పసుపు నూరడం దగ్గర మొదలైనది అల్లం దంచడం, చోళ్ళు విసరడం దాకా వెళ్ళింది. ప్రతిసారీ సూర్యం అట్ట ఎత్తి పట్టుకుని, తను చేసిన పనికి ఇంకొకళ్ళు నవ్వులపాలవుతుంటే వింటూ నిలబడ్డాడు.

"సెప్పీలని నోటిదాకా వచ్చీది" అనేవాడు. "వచ్చి ఆగిపోయీది. ఇంటికెల్లి రేపు సెప్దునే అనుకునీవాణ్ణి."

1977 మాఘమాసంలో లక్ష్మీపూర్‌లో సభ పెట్టారు. సంత రోజు. సంత మైదానం పక్కన బడి వరండాలో మధ్యాహ్నం మూడింటికి. నాకప్పుడు పదమూడేళ్ళు. సంత చూడొచ్చని వెంట వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. ఉపన్యాసం ఆ రాయి దగ్గరికి వచ్చింది. పసుపు, పులుసు, అందరూ నవ్వారు. నేను చాలాసార్లు విన్న మాటే, అయినా నవ్వాను. మా నాన్నగారి మాటకి ఊరు ఊరంతా నవ్వుతుంటే నాకు గొప్పగా ఉండేది.

అప్పుడు వెనకనుంచి ఒకతను లేచాడు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. అల్లం బుట్టలు అమ్ముకోడానికి వచ్చినవాడు. ఖాళీ కావడి భుజం మీద ఉంది.

"మాది కుసుమగుడ. నా పేరు లక్ష్మణ జాని" అన్నాడు దేసియాలో. "మేం పగలగొట్టలేదు. రోడ్డువాళ్ళు పగలగొట్టారు. మా అమ్మ అడ్డం కూర్చుంది."

మళ్ళీ నవ్వులు. ఎవరో "రోడ్డువాళ్ళకి పులుసెందుకురా!" అని అరిచారు. నాన్నగారు చెయ్యెత్తి వాళ్ళని ఆపారు. చాలా మెత్తగా, బడిపిల్లాడితో మాట్లాడినట్టు, "తప్పు ఒప్పుకోడానికి సిగ్గుపడకూడదు బాబూ. ఎవరూ నిన్నేం చెయ్యరు. ఇకమీదట జాగ్రత్తగా చూసుకోండి, అంతే" అన్నారు.

 లక్ష్మణ జాని చూపు నాన్నగారి మీదనుంచి పక్కకి, అట్ట పట్టుకున్న మనిషి మీదకి వెళ్ళి అక్కడే ఆగింది. సూర్యం అట్టని కాస్త పైకి ఎత్తి మొహం దాని వెనక పెట్టుకున్నాడు. అది నేను నా కళ్ళతో చూశాను. చేతులు నొప్పిపుట్టి అలా ఎత్తాడనుకున్నాను.

మళ్ళీ అట్ట దించేసరికి కావడి మనిషి లేడు.

ఆ సాయంత్రం తవిటమ్మకి అంతా చెప్పాడు సూర్యం. పదేళ్ళలో నోరు విప్పడం అదే మొదలు.

"ఉజ్జోగం పోతాది. ఊరుకో" అంది తవిటమ్మ. "ఎవుడో రాయి, ఎప్పుడో ఇరిగింది. ఇప్పుడేటి?"

"ఆడు నన్ను పోల్చేడే."

"పోలిస్తే సెప్పేవోడు గదా. సెప్పనేదంటే పోల్చనేదు."

ఆ మాట పట్టుకుని ఇంకో నాలుగు నెలలు గడిపాడు. తొలకరికి నాన్నగారు ఒరిస్సా ప్రాచీన వస్తువుల మీద వచ్చే ఒక పత్రికకి కుసుమగుడ రాయి గురించి వ్యాసం రాశారు. గ్రామస్థుల అజ్ఞానం వల్ల సగం నాశనమైంది అన్న వాక్యం కూడా ఉంది అందులో. పోస్టులో వెయ్యమని కవరు సూర్యానికిచ్చారు. సూర్యం కవరు పట్టుకుని మా వీధి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏం సూర్యం, వెళ్ళవేం?"

"మాస్టారూ, ఇది పంపీకండి. ఆ రాయి కొట్టింది నాను."

నాన్నగారికి మొదట అర్థం కాలేదు. సూర్యం గుమ్మంలోనే గొంతుకూర్చుని, దాలయ్య దగ్గరనుంచి ముసలామె అంబలి దాకా చెప్పాడు. ఆ ముక్క కల్వర్టు పైన పలకగా వేశారనీ, దానిమీద కంకర పోసి రోడ్డు తొక్కించేశారనీ చెప్పాడు. అమ్మ సారమ్మ వంటింటి గుమ్మంలో వింటోంది. నేను కిటికీ దగ్గర ఉన్నాను.

నాన్నగారు కేకలేస్తారనుకున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "పదిహేడు సభలు" అన్నారు. "ఆ మనిషి లేచి నిజం చెబితే, సిగ్గుపడకూడదని నేను నీతి చెప్పాను" అన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ మాత్రం ఒక్క మాట అడిగింది: "అసలు ఆ ఊళ్ళో మీరెవర్నీ అడగలేదా?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

ఆ వారంలోనే ఇద్దరూ బస్సెక్కి కుసుమగుడ వెళ్ళారు. ముసలామె చనిపోయి మూడేళ్ళయిందట. లక్ష్మణ జాని అల్లం తోటలో ఉన్నాడు. వీళ్ళని చూసి పని ఆపలేదు. సూర్యం గట్టు మీద నిలబడి చేతులు జోడించి చెప్పాల్సింది చెప్పాడు. నాన్నగారు కూడా క్షమించమని అడిగారు.

లక్ష్మణ పార పక్కన పెట్టి, "మాకు తెలుసు" అన్నాడు. "ఆ రోజు నేను ఆ మడిలోనే ఉన్నాను. ఎడమచేత్తో కొట్టేవాణ్ణి మర్చిపోతానా?"

"మరి లక్ష్మీపూర్‌లో నన్ను సూపించనేదేటి?"

"రోడ్డువాళ్ళంటేనే నవ్వారు. ఇదిగో వీడే అంటే నమ్ముతారా?" లక్ష్మణ నాన్నగారి వైపు తిరిగాడు. "ఇప్పుడు ఇక్కడికొచ్చి మాకు చెబితే ఏం లాభం? మాకు తెలిసిందే. నవ్వినవాళ్ళకి చెప్పండి."

మళ్ళీ పార అందుకున్నాడు. నీళ్ళు ఇవ్వలేదు, కూర్చోమనలేదు. వాళ్ళు తిరిగి బస్సు దాకా నడిచి వచ్చేశారు.

లక్ష్మీపూర్‌లో అదే వరండాలో, మళ్ళీ సంత రోజున సభ పెట్టారు. మొదట నాన్నగారు లేచి, కిందటిసారి తను అబద్ధం చెప్పాననీ, తెలుసుకోకుండా చెప్పినా అది అబద్ధమేననీ అన్నారు. తరవాత సూర్యాన్ని పిలిచారు. సూర్యం అంతకుముందు ఎప్పుడూ పదిమందిలో మాట్లాడినవాడు కాదు. తెలుగు, దేసియా కలిపేసి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. ముసలామెని మోసం చేసి లేపిన సంగతి చెప్పేటప్పుడు తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. వరండాలో ఉన్న జనంలో సగం మంది కిందటిసారి రానివాళ్ళు. వాళ్ళకి ఈ మనిషి ఎందుకు ఏడుస్తున్నాడో తెలియలేదు. కొందరు నవ్వారు కూడా. దూరంగా లక్ష్మణ జాని కావడి దించుకుని నిలబడి విన్నాడు. అయిపోగానే వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి నాన్నగారు ఏ ఊళ్ళో మాట్లాడినా చివర పది నిమిషాలు సూర్యానివి. రాళ్ళు కొట్టేవాళ్ళు, రోడ్డు పనివాళ్ళు వచ్చేలా సాయంత్రాలు పెట్టేవారు. "కొట్టే ముందర రాయి నాలుగు పక్కలూ తిప్పి సూడండి. రాత ఉంటే ఆగండి. ఊరోల్లనడగండి" అనేవాడు. చివర్లో ఎప్పుడూ, "ఆ రెండో ముక్క పోలేదు. లక్ష్మీపూర్ దారిలో కల్వర్టు మీదే ఉన్నాది. రోడ్డు తవ్విననాడు దొరుకుతాది" అనేవాడు. ఆ మాటకి జనం చప్పట్లు కొట్టేవారు. రాయగడలో ఒక పెద్దమనిషి అతని మెడలో దండ వేసి, ఇలాంటి నిజాయితీపరులు కావాలి అన్నాడు. సూర్యం ఆ దండ వెంటనే తీసేశాడు. అతను దిగులుగా ఉండటం చూసి వినయం అనుకున్నాం.

నాన్నగారు కనబడిన ప్రతి ఆఫీసుకీ అర్జీలు రాశారు. ఆఖరికి 1982లో రోడ్డు వెడల్పు చేస్తున్నారనీ, ఆ కల్వర్టు తీసేస్తున్నారనీ కబురొచ్చింది. మేమంతా వెళ్ళాం. నేనప్పుడు నర్సు చదువుతూ సెలవులకి వచ్చాను. కుసుమగుడ జనం కూడా వచ్చి గట్టు మీద కూర్చున్నారు. లక్ష్మణ జాని ఉన్నాడు. కంకర తీసి, మట్టి ఊడ్చి, గునపాలతో పలక రాయిని కదిపారు. ఒకవైపు అంచున ఏడు సగం గుంటలు. నాన్నగారు చిన్నపిల్లాడిలా గోతిలోకి దిగి, బకెట్టు నీళ్ళు తెప్పించి, పైమొహం మీద పోసి కడిగారు.

అక్షరాలు లేవు.

పైనంతా ఉలి దెబ్బలు. ఒక మూల మాత్రం మూడు అక్షరాలు, అవీ సగం సగం. నాన్నగారు వేళ్ళతో తడిమి చూశారు, మళ్ళీ నీళ్ళు పోశారు. తరవాత తలెత్తి సూర్యం వైపు చూశారు.

సూర్యం గోతి అంచున కూలబడ్డాడు.

"నానే సెక్కేసేను మాస్టారూ. ఇంజనీరు సూస్తే అడుగుతాడని దాలయ్య సెక్కీమన్నాడు. పొద్దున్నించి సందేళ దాకా కూకుని సెక్కేను."

"మరి ఇన్నాళ్ళూ..." అన్నారు నాన్నగారు. "దొరుకుతుందని ఇన్ని ఊళ్ళలో ఎందుకు చెప్పావు?"

"అంతా సెప్పీడానికి దైర్నం సాలనేదు. కొట్టేనని సెప్పేసరికి, అదే సాలునే అనుకున్నాను. ఆల్లు సప్పట్లు కొట్టేరు. మరింక ఎలా సెప్తాను?"

 నాన్నగారు అంత ముసలివారుగా నాకెప్పుడూ కనబడలేదు. దానం చేసినవాడి పేరు, రాసిన సంవత్సరం, అన్నీ పొడి అయి ఆ వాగులో ఎప్పుడో కొట్టుకుపోయాయి. ఆయన వాటి కోసం తొమ్మిదేళ్ళు ఎదురుచూశారు. గోతిలోంచి పైకి వచ్చి, తడిసిన పంచె పిండుకుంటూ అవతలికి వెళ్ళిపోయారు. ఇంటికి వచ్చాక కూడా సూర్యంతో మాట్లాడలేదు. రెండు నెలలు సభలు కూడా పెట్టలేదు.

ఆ రాయిని కోరాపుట్ తీసుకెళ్దామని అక్కడున్న అధికారి ఒకాయన అన్నాడు. లక్ష్మణ జాని ఒప్పుకోలేదు. "రాత ఉన్నా లేకపోయినా మాదే" అన్నాడు. ఊరివాళ్ళు దాన్ని చింతచెట్ల దాకా దొర్లించుకుపోయారు. సూర్యం సాయం పట్టబోతే ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఒక మూల చెయ్యి వేసి అతనూ తోశాడు. రెండు ముక్కల్నీ పక్కపక్కన నిలబెట్టాక, ఒక ముసలాయన పసుపు తెచ్చి మొదటి సగానికి రాశాడు. ఒక్క క్షణం ఆలోచించి, చెక్కేసిన సగానికి కూడా రాశాడు. సూర్యం అక్కడ ఉండలేక రోడ్డు మీదకి వచ్చేశాడు.

వాళ్ళిద్దరి మధ్యా మళ్ళీ మాటలు కలిపింది తవిటమ్మ. ఒక రోజు మా ఇంటికి వచ్చి, "బాబూ, ఆడు కూడు తినటంనేదు. తిట్టండి, కొట్టండి, మాటాడకుండా ఉండకండి" అంది. నాన్నగారు చెప్పులు వేసుకుని ఆమె వెంట వెళ్ళారు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తరవాతి సభలో మాత్రం సూర్యం రాయి కొట్టిన సంగతితో పాటు అక్షరాలు చెక్కేసిన సంగతీ, దాన్ని దాచి చప్పట్లు కొట్టించుకున్న సంగతీ చెప్పాడు. ఆ రోజు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

1984లో రామనగుడలో సభ జరిగినప్పుడు నేనూ ఉన్నాను. అయిపోయి జనం వెళ్ళిపోయాక, మల్లేశు అనే తాపీమేస్త్రీ ఒకడు సూర్యం దగ్గరికి వచ్చాడు. జంపఖానా మడతపెట్టడంలో సాయం చేస్తున్నట్టు ఒక కొస పట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"నానూ ఒకటి కొట్టేనన్నా. బొమ్మలున్న రాయి. ఇక్కడికి కోసు దూరంలో ఊరు. ఒకలింటికి మెట్టుగా వేసీసేను. ఎవుళికి సెప్పాల?"

సూర్యం జంపఖానా వదిలేశాడు. "ఆ ఊరోల్లకి. ఇప్పుడే పద."

"ఇప్పుడా? రేపెల్దునే."

"రేపనీకు. ఒక్క ముక్క దాసుకోకుండా అంతా సెప్పాల. నీ పక్కన నానుంటాను, పద."

ఇద్దరూ పొలాల గట్టు పట్టుకుని వెళ్ళారు. ఇంకా ఎండ పొడ ఉంది. అంతలోనే గుణుపూర్ నించి మేమెక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది. నాన్నగారు కండక్టరుకి వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపి, అరుగు మీద నాకు పక్కన చోటిచ్చి, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.